చక్రవర్తిగారి మాటల పెట్టె

నేను ఒక డబ్బాని. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది, మెహర్ ప్రసాద్ వాళ్ళమ్మ సుగుణమ్మగారు నాకు పెట్టిన పేరు. మెహర్ మాత్రం నన్ను "మా సర్వర్" అంటాడు, అదీ పక్కన ఎవరైనా వింటుంటే కాస్త గొంతు పెంచి.

పుట్టినప్పుడు మామూలు కంప్యూటర్నే. ఏ దేశంలో బిగించారో నా వీపు మీది స్టిక్కరు చిరిగిపోయాక నేనూ మరిచిపోయాను. నా యవ్వనం కాకినాడలో ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో గడిచింది. అక్కడి మేనేజరుగారు రోజంతా నాలో పేకాట ఆడేవారు, తలుపు చప్పుడైతే గబుక్కున అంకెల పేజీ తెరిచేవారు. మనుషులు పని చెయ్యడానికి కన్నా చేస్తున్నట్టు కనబడటానికి ఎక్కువ కష్టపడతారని నాకు అక్కడే తెలిసింది. ఆఫీసు మూతపడి నేను సెకండ్‌హ్యాండ్ కొట్లో దుమ్ము కొట్టుకుని ఉంటే మెహర్ వచ్చాడు. పుచ్చకాయని తట్టినట్టు నన్ను తట్టి చూసి, స్కూటీ ముందు పెట్టుకుని జగన్నాథపురం తీసుకొచ్చాడు.

మెహర్, లోవరాజు, వజీర్, కాంతిశ్రీ చిన్నప్పటి నుంచి స్నేహితులు. నలుగురిదీ ఒకే వీధి, ఒకే బడి. కాలేజీలు వేరయ్యాయి గానీ స్నేహం చెక్కుచెదరలేదు. సాయంత్రమైతే ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని, కంప్యూటర్లలో కలిసి తుపాకుల ఆట ఆడేవారు. ఆడుతూ మాట్లాడుకోవడానికి అందరూ వాడే ఉచిత యాప్ ఒకటి వాళ్ళకీ ఉండేది. మెహర్‌కి అది నచ్చలేదు.

"మన మాటలు ఎవడి కంప్యూటర్లోనో ఉండటమేంట్రా? మన సర్వర్ మనకుండాలి" అన్నాడు.

ఆ అమూల్యమైన మాటలేమిటో మోసినదాన్ని గనక చెబుతున్నాను. "వెనకాల ఉన్నాడ్రా." "గోడ పక్కకి రా." "ఆగండ్రా, మా అమ్మ టిఫిన్‌కి పిలుస్తోంది." వీటిని దొంగిలించడానికి ఏ గూఢచారీ జగన్నాథపురం దాకా రాడు.

నన్ను సర్వర్‌ని చెయ్యడం ఒక యజ్ఞంలా సాగింది. మెహర్ నల్లటి తెర తెరిచి, వీడియోలో ఎవరో కొట్టినట్టే ఒక్కో లైనూ కొట్టేవాడు. ఎర్ర అక్షరాలొస్తే తల గోక్కుని వేరే వీడియో పెట్టుకునేవాడు. అర్థమై కొట్టినవి తక్కువ, నమ్మి కొట్టినవి ఎక్కువ. ఎలాగైతేనేం నేను లేచి కూర్చున్నాను. అప్పటి నుంచీ ఒకరి మాట ఇంకొకరి చెవిలో వెయ్యడమే నా పని. నాకంటూ గొంతు లేదు. ఎవరైనా లోపలికి వస్తే 'టింగ్' అంటాను, అంతే.

సర్వర్ నిలబడగానే మావాడికి ఆటకన్నా పాలన మీద మోజు పుట్టింది. నాలో గదులు కట్టాడు. ఒకటి సభామందిరం, ఒకటి యుద్ధరంగం, ఇంకొకటి రహస్య మంతనాలు. ఆ మూడో గదిలోకి ఎవరూ ఎప్పుడూ పోలేదు, ఎందుకంటే వాళ్ళకి రహస్యాలే లేవు. తర్వాత పదవులు పంచాడు. లోవరాజు సేనాధిపతి, వజీర్ మంత్రి. కాంతిశ్రీ "నాకే పదవీ వద్దు, మైకు పనిచేస్తే చాలు" అంది. చక్రవర్తి ఎవరో వేరే చెప్పాలా?

ఇక్కడ మా వీధి నెట్టు సంగతి కొంచెం చెప్పాలి. వీధి మొత్తానికీ ఒకే కేబులాయన. ఆయన పొదుపు మనిషి. ఇళ్ళన్నిటికీ కలిపి ఇంటర్నెట్టులో ఒకే అడ్రస్సు వాడతాడు. అపార్టుమెంటుకి ఒకే గేటున్నట్టు, ఏ ఇంట్లోంచి ఎవరొచ్చినా నాకు అదే గేటులోంచి వచ్చినట్టు కనిపిస్తారు. సర్వర్ పెట్టాలంటే సొంత అడ్రస్సు కావాలి గనక మెహర్ ఆయన వెంటపడి తన ఇంటికి మాత్రం విడిగా ఒకటి తెచ్చుకున్నాడు. మిగతా ముగ్గురూ ఆ ఒక్క గేటులోనే ఉన్నారని వాడెప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పెద్ద పోటీ. గెలిస్తే వైజాగ్‌లో, జనం ముందు, స్టేజీ మీద ఆడొచ్చు. నలుగురూ వేసవంతా దాని కోసమే వేళ్ళు కాయలు కాచేలా ఆడారు. ఆట మొదలవబోతుండగా లోవరాజు అన్నాడు.

"ఒరే మెహరూ, ఎటెళ్ళాలో ఇవాళ కాంతి చెప్తాది. నువ్వు చెప్పిన ప్రతిసారీ గోతిలో పడతన్నాం."

"సర్వర్ ఎవడిదిరా?"

"సర్వర్ నీదే. గురి మాత్రం నీకు లేదు."

కాంతిశ్రీ కిసుక్కున నవ్వింది. నన్నడిగితే లోవరాజు చెప్పింది అక్షరాలా నిజం. కానీ చక్రవర్తికి పౌరుషం పొడుచుకొచ్చింది. లోవరాజు పేరు మీద నొక్కి, 'బహిష్కరించు' అన్నాడు. పేరునా, అడ్రస్సునా అని అడిగాను, అడగటం నా ధర్మం. పేరు మార్చుకుని మళ్ళీ వస్తాడేమోనని అడ్రస్సే నొక్కాడు. నేను గేటు మూశాను. ఆ గేటు వెనకాల వీధి వీధంతా ఉంది.

సభామందిరం ఖాళీ అయిపోయింది.

"హలో," అన్నాడు మెహర్. "కాంతీ? వజీరూ? వినిపిస్తోందా?"

వాడి మాట నా దాకా వచ్చింది. చేరవెయ్యడానికి అవతల ఒక్క చెవీ లేదు. లోవగాడి కోసం ఇద్దరూ తనని వదిలేసి పోయారనుకున్నాడు. అవతల ముగ్గురూ, తమని ఒక్క దెబ్బతో గెంటేశాడనుకున్నారు. ఆట మొదలుపెట్టడానికి ఎవరూ మీట నొక్కలేదు. పోటీ పోయింది, వైజాగ్ పోయింది, చూస్తుండగానే స్నేహమూ పోయేలా ఉంది.

వీధిలో నాలుగడుగులు వేసి "ఏంట్రా సంగతి" అని అడిగితే తేలిపోయే గొడవ. అడగలేదు. ముందు వాళ్ళే రావాలని వీడు, వీడే రావాలని వాళ్ళు. కాంతిశ్రీ వాట్సాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. వీధిలో ఎదురుపడితే నలుగురూ ఫోన్లలోకి తలలు దూర్చేవారు. మాట్లాడుకోవడానికి ఏకంగా యంత్రాన్ని పెట్టుకున్నవాళ్ళు వీళ్ళు. అసలు కారణం తెలిసింది నా ఒక్కదానికే, నాకేమో గొంతు లేదు. అలాంటి రోజులు చిట్‌ఫండ్ ఆఫీసులో కూడా ఎరగను.

మెహర్ రోజూ సభామందిరంలో మైకు తెరిచి ఒక్కడే కూర్చునేవాడు. ఆ మైకులోంచే నాకు ఇంట్లో సంగతులన్నీ వినబడేవి. "ఆ డబ్బా అలా మూలుగుతా ఉంటే కరెంటు కాలదేంట్రా, ఆపెయ్" అని సుగుణమ్మగారు సతాయించేవారు. "ఎవరన్నా వస్తారేమోనే అమ్మా" అనేవాడు. నాకు జాలేసింది. దాచుకోవడమెందుకు, నిజంగానే వేసింది.

ఒకరోజు వజీర్ వచ్చాడు, రాజీకి కాదు, అప్పు తీసుకున్న హెడ్‌ఫోన్లు మొహాన కొట్టి పోవడానికి.

"ఏరా వజీరూ, నల్లపూసైపోయావు," అన్నారు సుగుణమ్మగారు.

"పనుందండి," అని లోపలికొచ్చి, "ఇదిగో నీ సరుకు. వెళ్తా," అన్నాడు.

అప్పుడే వాడి జేబులోని ఫోను పాత అలవాటుగా ఈ ఇంటి వైఫై పట్టుకుంది. వజీర్ పైకి ఎంత బిగుసుకున్నా ఫోనులో నాలోకి వచ్చే యాప్‌ని తీసెయ్యలేదు, అది ఇన్నాళ్ళూ నా తలుపు తడుతూనే ఉంది. ఆ గేటుతో పని లేకుండా ఇంటి లోపలి నుంచి వచ్చేవాళ్ళకి బహిష్కారం లేదు. తలుపు తీసి, ఒంట్లో ఉన్న సత్తువంతా కూడగట్టుకుని అన్నాను.

టింగ్.

"నన్ను గెంటేశావుగా," అన్నాడు వజీర్ ఫోను తీసి చూసి. "మళ్ళీ రానిచ్చావేంటి?"

"నిన్నెప్పుడు గెంటానురా? లోవగాణ్ణొక్కణ్ణే. మీ ఇద్దరూ వాడితో పాటు పోయారు."

"మేం పోవడమేంట్రా? ముగ్గుర్నీ ఒకేసారి తీసి పారేస్తేనూ."

మెహర్ నా మీద టకటకా కొట్టి, బహిష్కారాల పేజీ తెరిచి చూశాడు.

"మీ అందరిదీ ఒకటే అడ్రస్సురా," అన్నాడు నీరసంగా.

సాయంత్రానికి అందరూ ఆ గదిలోనే ఉన్నారు. "వీధి వీధినే వెలేశారంట, చక్రవర్తిగారు," అంది కాంతిశ్రీ. లోవరాజు అందరికన్నా వెనక వచ్చి, మంచం చివర మొహం తిప్పుకుని కూర్చున్నాడు. పోయిన పోటీ మళ్ళీ రాదు. ఏం చెయ్యాలో తోచక, ఇళ్ళ నుంచి ల్యాప్‌టాప్‌లు తెచ్చుకుని ఆట పెట్టారు. చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో ఒకే మంచం మీద కూర్చుని, నలుగురూ హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నాలోంచే మాట్లాడుకున్నారు. సుగుణమ్మగారు గుమ్మంలో నిలబడి వాళ్ళనీ నన్నూ మార్చి మార్చి చూశారు.

కాసేపటికి మెహర్ ఎవరికీ చెప్పకుండా లోవరాజుని రహస్య మంతనాల గదిలోకి మార్చి, తనూ వచ్చాడు. ఆ గదిలో అడుగుపెట్టిన మొదటి మనుషులు వాళ్ళిద్దరే.

"లోవా," అన్నాడు మెహర్, తెర మీంచి చూపు తిప్పకుండా. "తప్పు నాదేరా."

వాడి పక్కనే కూర్చున్న లోవరాజు కూడా తల తిప్పలేదు.

"వినబడలేదు. మళ్ళీ చెప్పు," అన్నాడు.

మొదటిసారే శుభ్రంగా వినబడింది. చెవిలో వేసినదాన్ని నాకు తెలియదా? అయినా మెహర్ మళ్ళీ చెప్పాడు, నేను ఇంకాస్త జాగ్రత్తగా మోశాను.