తేడా మాత్రం చాలు

ఆ కంప్యూటరు డిస్కు ఇక ఎంతోసేపు బతకదని ఆమె మరిది పొద్దున్నే చెప్పేశాడు. ఎగువన నది ఒడ్డున, మనిషన్నవాడు లేని వరద హెచ్చరిక స్టేషనులో, ఒక ఇనుప పెట్టెలో ఉంది అది. కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. మిగిలింది రేడియో లింకు ఒక్కటే. అదైనా సరిగ్గా ఏడిచిందా? నాలుగు చినుకులు పడితే చాలు, తెగిపోయేది.

ఆ పెట్టెలో ఆమె భర్త చేసిన చివరి మార్పులున్నాయి. నీటిమట్టం చూసి సైరను మోగించే ప్రోగ్రాం ఆలుమగలిద్దరూ కలిసి రాసిందే. కిందటి వానాకాలం అతను ఆ స్టేషనుకు వెళ్ళి, అక్కడే కూర్చుని ఏవో దిద్ది, ఆఫీసుకు పంపకుండానే బయల్దేరాడు. తిరుగుదారిలో జీపు బోల్తాపడి పోయాడు. ఇన్నాళ్ళూ వాటినెందుకు తెచ్చుకోలేదని ఆమెను అడిగే ధైర్యం ఎవరికుంది? డిస్కు పోతే అవీ పోతాయి. మనిషి ఎలాగూ దక్కలేదు, ఆ చివరి పనైనా దక్కాలని ఆమె పంతం.

పొద్దున్నుంచీ ఆమె ఖాళీ ఫోల్డరు ఒకటి పెట్టుకుని రిపాజిటరీ మొత్తాన్ని, అంటే ప్రోగ్రాం పుట్టిన నాటి నుంచి జరిగిన ప్రతి మార్పునూ, పాత హెచ్‌టీటీపీ దారిలో లాగుతోంది. ఒక్కో ఫైలూ అడగాలి, వచ్చేదాకా ఆగాలి, మళ్ళీ ఇంకోటి అడగాలి. సగం వచ్చేసరికి లింకు తెగేది. తెగిందా, అంతే సంగతులు, మళ్ళీ మొదటి నుంచి.

ఆఫీసులో రేడియో లింకులు చూసే మరిది పక్కనే కూర్చుని చాలాసేపు ఓపిక పట్టాడు. చివరికి ఉండబట్టలేకపోయాడు.

"ఇదేం చాదస్తం వదినా? అది కొనఊపిరితో కొట్టుకుంటుంటే ఇల్లంతా ఖాళీ చేసి పంపమంటావేంటి? ఎస్ఎస్‌హెచ్ దారి తెరిచే ఉందిగా. ముందు రెండు మెషీన్లూ మాట్లాడుకుంటాయి. నీ దగ్గరున్నవేవో చెబితే, లేనివి మాత్రం మూటకట్టి పంపుతుంది."

"నాకు చెబుతున్నావా? ఆ పద్ధతి ఈ ఆఫీసులో పెట్టిందే నేను."

"మరి నీ పాత ఫోల్డర్లోంచి అడుగు. దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయి కదా."

ఆమె మళ్ళీ పాత ఆదేశమే కొట్టబోయి ఆగింది.

ఆ ఫోల్డరు ఉండటానికి ఉంది. అతను వెళ్ళిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ పొద్దున ఇద్దరూ అందులోని సైరను అంకె మీదే గొడవపడ్డారు. నీళ్ళు నాలుగు మీటర్లకు చేరగానే సైరను మోగాలని ఆమె. నాలుగున్నర చాలు, ఊరికే మోగిస్తే జనం లెక్కచేయడం మానేస్తారని అతను. మాటా మాటా పెరిగింది. అతను టీ కూడా తాగకుండా తలుపు లాగేసి వెళ్ళిపోయాడు.

"నీకు మనుషుల కంటే అంకెలే ఎక్కువ అన్నాను ఆయన్ని," అంది స్క్రీను వైపే చూస్తూ. "నేనన్న ఆఖరి మాట అదే. ఆ ఫోల్డరు తెరవాలంటే నాకు భయం."

అన్న పోయిన బాధ మరిదికి మాత్రం తక్కువా?

"మన దగ్గరేముందో చెప్పకపోతే, అటు నుంచి ఏం రావాలో దానికెలా తెలుస్తుంది వదినా?" అన్నాడు మెల్లగా.

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోల్డరు తెరిచింది. దారి మార్చి, ఆదేశం టైపు చేసింది. మెషీన్లు రెండూ మాట్లాడుకున్నాయి. గుక్కెడు నీళ్ళు తాగేలోపు చిన్న మూట ఒకటి వచ్చి పడింది. పొద్దున్నుంచీ పడిన పాట్లన్నీ ఇంత పిసరు కోసమా!

అందులో మొదటి రెండూ చిల్లర సవరణలు. మూడోది సైరను అంకె. నాలుగున్నర కొట్టేసి నాలుగు పెట్టాడు.

ప్రతి మార్పు కిందా రెండు పేర్లుంటాయి, రాసినవారిదీ, చేర్చినవారిదీ. మామూలుగా రెండూ ఒకరివే. వాళ్ళ ఆఫీసులో మాత్రం అతను పెట్టిన కట్టుబాటు ఒకటుంది: టైపు చేసిందెవరైనా సరే, ఆలోచన ఎవరిదో రాసినవారుగా వాళ్ళ పేరే పడాలి. ఇక్కడ చేర్చినవారి చోట అతని పేరుంది. రాసినవారి చోట ఆమె పేరుంది.

"ఒప్పుకున్నాడు," అంది ఆమె. "చూడు, ఒప్పుకున్నాడు! అది నాతో ఒక్క మాట చెబితే ఏం పోయింది?"

"ఇంటికొచ్చి ఎదురుగా చెబుదామనుకున్నాడేమో వదినా."

ఆమె భోరుమంది. ఏడాదిగా లోపల గడ్డకట్టిందంతా ఒక్కసారిగా బయటపడింది. మరిది ఆపలేదు.

కాసేపటికి ఆమే తేరుకుంది. బయట వాన జోరందుకుంది. దిగువ స్టేషన్లన్నీ ఇంకా నాలుగున్నర మీదే ఉన్నాయి.

"అన్నిటికీ పంపు. పేర్లు కదిలించకు."

ఆ మార్పులు దిగువకు చేరుతుండగానే ఎగువ స్టేషను పలకడం మానేసింది. డిస్కు పోయింది.

చీకటి పడకముందే వంతెన దగ్గరి దిగువ స్టేషన్లో సైరను మోగింది. మరిది లేచి నీటిమట్టం మీటరు చూశాడు. నాలుగు. కిటికీలోంచి చూస్తే ఒడ్డున ఉన్నవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మెరక మీదికి నడుస్తున్నారు.

ఆమె ఒకప్పుడు భర్త కూర్చున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "విన్నావా?" అంది.