వెనకబెంచీ జవాబు

"విడగొట్టడం, పోలిక పట్టడం, అక్కర్లేనిది వదిలెయ్యడం, వరసగా చెప్పడం" అని గొణుక్కుంటూ లెక్కల టీచరు భోజనం డబ్బా మూత బిగించింది.

"పొద్దున్నే ఏం మంత్రాలే అవి?" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

"మంత్రాలు కావండీ, నా ఉద్యోగం."

సన్నటి మనిషి. బరువు సంచీ మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి జారింది. కుడిచేతి వేళ్ళ కొసలు చాక్‌పీసు పొడికి ఎండిపోయి పగుళ్ళిచ్చాయి. గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. పిల్లలు ఆమెను చాటుగా ఎక్కాల మేడం అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

ఈ ఏడాది లెక్కల టీచర్లకే పరీక్ష పెట్టారు. పెద్ద చిక్కును చిన్న ముక్కలు చేసి, యంత్రానికైనా తెలిసేలా వరసగా చెప్పడాన్ని కంప్యూటేషనల్ థింకింగ్ అంటారట. దాన్ని పిల్లలకు నేర్పడం ఎవరికెంత వచ్చో చూస్తారు. రానివాళ్ళు ఇక లెక్కలు చెప్పక్కర్లేదు, పుస్తకాల గదిలో కూర్చోవచ్చు. ఆమె శిక్షణకు వెళ్ళింది. అక్కడ చెప్పినదంతా పొల్లుపోకుండా బట్టీ పట్టింది. చదవడమంటే ఆమెకు తెలిసింది అదే.

పరీక్షించడానికి వచ్చినావిడ ఆమె కూతురి ఈడుది. క్లాసు చివర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మీ కళ్ళకు గంతలు కట్టారనుకోండి. ఈ క్లాసులో అందరికన్నా పొడుగెవరో ఎలా కనిపెడతారు?" అని అడిగింది టీచరు. శిక్షణలో ఇచ్చిన ప్రశ్నే.

వెనకబెంచీలోంచి ఒక పిల్ల దిగ్గున లేచింది. "ఇద్దర్ని వీపుకు వీపు ఆనించి నిలబెడతాను మేడం! అప్పుడు..."

"వీపుల సంగతి ఎవరడిగారు? కూర్చో."

క్లాసంతా గొల్లుమంది. టీచరు బోర్డువైపు తిరిగి, మొదటి విలువను రెండో విలువతో పోల్చవలెను అంటూ గుండ్రటి అక్షరాలతో రాసుకుపోయింది.

తరవాత స్టాఫ్‌రూములో ఆ పరీక్షించడానికి వచ్చినావిడ మెల్లగా అడిగింది. "బోర్డు మీద రాసిందాంట్లో తప్పేం లేదండీ. ఆ అమ్మాయి ఏం చెప్పింది?"

"ఏ అమ్మాయి?"

"వీపుకు వీపు అన్న అమ్మాయి."

"అదా! దానికి అల్లరెక్కువండీ."

"నేను పక్కనే ఉన్నాగా, తరవాత అడిగాను. తల మీద చెయ్యి పెట్టి చూస్తుందట. పొట్టివాళ్ళు వెళ్ళి కూర్చోవాలి, పొడుగువాళ్ళు ఇంకొకళ్ళతో మళ్ళీ నిలబడాలి. చివరికి మిగిలినవాళ్ళే అందర్లోకీ పొడుగు. మీరు రాసిందీ అదే కదండీ. మీకు లెక్కలు రావని ఎవరూ అనరు."

ఆ చివరి మాట టీచరుకు చురుక్కుమంది. తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళలో ఎందర్ని అలా కూర్చోబెట్టిందో! తన మాట మాత్రం ఎవరు విన్నారు? చిన్నప్పుడు తనూ లేచి నిలబడింది. తన్నూ కూర్చోమన్నారు.

సాయంత్రం హెడ్‌మాస్టరు పిలిచాడు. "పుస్తకాల గది చల్లగా ఉంటుంది మేడం. మీ గొంతుకీ విశ్రాంతి."

"గొంతుకి విశ్రాంతి ఇంట్లోనూ దొరుకుతుంది సార్," అని, అక్కడే ఒక తెల్లకాగితం అడిగి రాజీనామా రాసిచ్చింది. ఆయన వద్దనలేదు.

కుళాయి దగ్గర ఆ పిల్ల సీసా కడుక్కుంటోంది.

"పొద్దున ఏదో చెప్పబోయావు. చెప్పమ్మా, వింటాను."

పిల్ల బెదిరిపోయింది. "ఏం లేదు మేడం. తప్పు చెప్పాను."

"తప్పు కాదే తల్లీ."

"తప్పే మేడం. బోర్డు మీదిది రాసుకున్నాను. వచ్చేసింది కూడా. అప్పజెప్పమంటారా?"

జవాబు కోసం ఆగకుండా చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. "మొదటి విలువను రెండో విలువతో పోల్చవలెను..." ఎక్కడా తడబడలేదు. ఆ సాగదీత, ఆ విరుపు, అచ్చం టీచరువే. టీచరు ఆపలేదు. చివరిదాకా విన్నది. తరవాత పిల్ల తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, గేటు దాటి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ క్లాసుకు కొత్త టీచరు వచ్చింది. బోర్డు పక్కన మేకుకు పెద్ద కర్ర కంపాసు వేలాడుతోంది. దాని కొసన ఎక్కాల మేడం బిగించిన చాక్‌పీసు ఒకవైపే ఏటవాలుగా అరిగి ఉంది.