బిజిలీ ఎక్కిన పీట

నేను ఒక ఇనుప పీటని. మనిషి కోసం చేసినదాన్ని కాదు. మనిషి నా మీద కూర్చున్నది ఒకే ఒక్కసారి. నన్ను చేసిన బసవాచారి, అతుకు గట్టిగా పడిందో లేదో చూడ్డానికి కూర్చున్నాడు. "మూడు క్వింటాళ్లయినా మోస్తది" అని లేచి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

విజయవాడలో లారీ బాడీలు కట్టే షెడ్డు అతనిది. పాత లారీ విడిభాగాలు కోసి, కింద వెడల్పుగా, పైన ఇరుకుగా మలిచి, పైన దళసరి రేకు అతికి నన్ను తయారుచేశాడు. పెయింటరు ఎర్రరంగు వేసి చుట్టూ తెల్లని నక్షత్రాలు దిద్దాడు. నాలాంటివే మరో అయిదు. సర్కసు వాళ్ల ఆర్డరు. సింహాలు కూర్చునే పీటలు చేశానని బసవాచారి చాలాకాలం గొప్పగా చెప్పుకుని ఉంటాడు. వాటికి కూర్చోవాలని ఉందో లేదో అతను అడగలేదు. అడగడం అతని పని కాదు. ఎవరి పని వాళ్లు శ్రద్ధగా చేసుకుపోతూనే మనుషులు ఎంత దూరం పోగలరో నాకప్పుడు తెలియదు.

సర్కసులో నేను ఖాసిం పాలబడ్డాను. ఖాసింది నరసరావుపేట వైపు ఊరు. జంతువులను ఆడించడం అతని తండ్రి నుంచి వచ్చిన విద్య. సన్నటి మనిషి, నెమ్మదైన గొంతు. అతని చేతికి ఏడాది కూడా నిండని ఆడసింహం పిల్లనొకదాన్ని ఇచ్చారు. సర్కసులోనే పుట్టిన పిల్ల. చురుకుదని బిజిలీ అని పేరు పెట్టాడు.

బిజిలీకి చదువు నా మీదే మొదలైంది. నా మీద ఒక మాంసం ముక్క పెట్టేవాడు. అది ఎక్కి తినేది. తిని దిగితే, ఒంటి మీద కమ్చీ దెబ్బ పడేది. మళ్లీ ఎక్కితే కమ్చీ ఆగేది. కొన్నాళ్లకు మాంసం ముక్క అక్కర్లేకపోయింది. ఇనుప చువ్వల మీద కర్రతో టక్కుమని ఒక్క దెబ్బ కొడితే చాలు, పరుగున వచ్చి ఎక్కి, ముందుకాళ్లు రెండూ ఎత్తి కూర్చునేది. గ్యాలరీల్లో జనం చప్పట్లు కొట్టేవాళ్లు. సింహం ఎంత దర్జాగా కూర్చుందో అనుకునేవాళ్లు. దాని గోళ్లు నా రేకుని ఎంత గట్టిగా పట్టుకునేవో నాకొక్కదానికే తెలుసు.

ఖాసిం చెడ్డవాడని చెప్పలేను. బిజిలీకి జబ్బుచేస్తే బోను పక్కనే చాపేసుకుని పడుకునేవాడు. తను తినకముందు, బోనులోనే ఉంచిన నా మీద దానికి పెట్టేవాడు. మధ్యాహ్నం ఆటకు కొట్టిన చేత్తోనే సాయంత్రం వేపనూనె రాసేవాడు. రెండూ ప్రేమేననుకున్నాడు.

పదకొండేళ్లు అలా గడిచాయి. సర్కసుల్లో సింహాలూ పులులూ ఆడకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఒకరోజు పొద్దున్న పోలీసులు, అటవీశాఖ వాళ్లు లారీలతో వచ్చారు. సర్కసు యజమాని ముందే తప్పుకున్నాడు. ఖాసిం ఒక్కడే మిగిలాడు. బిజిలీ బోనుని లారీ ఎక్కిస్తుంటే వాళ్లు బోనులోంచి తీసి పడేసిన నన్ను భుజాన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"సార్, ఈ పీట కూడా తీసుకుపోండి. ఇది లేకపోతే అది కూడు ముట్టదు."

అలా నేను ఉత్తరాంధ్ర కొండల పాదాన, గుమ్మలపాడు దగ్గర కట్టిన సంరక్షణ కేంద్రానికి చేరాను. ఖాసిం కూడా లారీ వెనకాలే బస్సులు మారి వచ్చాడు. లోపలికి రానివ్వలేదు. గేటు దగ్గర పోలమ్మ కనిపించింది. గడ్డి కోయడానికి కూలికి వచ్చి, మాంసం నరికే మనిషి మానేస్తే ఆ కత్తి తనే పట్టి, తర్వాత సింహాల గదులు కడిగే పనిలో కుదురుకున్న మనిషి. నన్ను లోపలికి దొర్లించుకుపోతోంది.

"అమ్మా, ఒక్క మాట" అన్నాడు ఖాసిం. "దీని మీద ఉంటే కొట్టరని దానికి తెలుసు. కింద ఉంటే కొడతారని తెలుసు. నేను నేర్పింది ఆ రెండే."

"ఎవులు బాబూ కొట్టీవోరు?" అంది పోలమ్మ.

ఖాసిం నా రేకు మీది గోళ్ల గీతల్ని వేలితో తడిమాడు. "నేనే" అన్నాడు.

ఆ తర్వాత అతను మళ్లీ రాలేదు.

సంరక్షణ కేంద్రం అంటే అడవిలో వదిలిపెడతారని మీరనుకుంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. ముప్ఫై ఒక్క సింహాలు, తొమ్మిది పులులు. ఒక్కోదానికి ఒక్కో గది, ప్రతి నాలుగు గదుల వెనక కంచె వేసిన విశాలమైన ఆవరణ. వారానికి ఆరు రోజులు మాంసం, ఒకరోజు పస్తు. ఇవేవీ జూలో చూపించడానికి పనికిరావట. సర్కసు వాళ్లు గిర్ సింహాలనీ ఆఫ్రికా సింహాలనీ కలిపి పుట్టించారు కనుక ఇవి కల్తీ జాతి. అందుకని మగవాటికి ఆపరేషన్లు చేశారు. ఉన్నవి ఉన్నన్నాళ్లు చూసుకోవడం, చివరిది పోయిన రోజున కేంద్రానికి తాళం వెయ్యడం. కాగితం మీద ఉన్న ఏర్పాటు అదీ. కలిపింది మనుషులు, కల్తీ అన్నదీ మనుషులే.

మిగతా సింహాలు రెండు మూడు వారాల్లో ఆవరణలోకి వెళ్లాయి. మట్టిలో పొర్లాయి. బిజిలీ మాత్రం వెనక తలుపు తెరిస్తే నా మీదకెక్కి కూర్చునేది. ఎండలో మెరిసే గడ్డిని చూస్తూ ఒణికేది. గదిలో నేల మీద మాంసం పెడితే ముట్టేది కాదు. పోలమ్మ పొడుగాటి కొక్కెంతో తెచ్చి నా మీద పెడితేనే తినేది.

డాక్టర్ శేషగిరి ఆ కేంద్రం పశువైద్యుడు. ముభావంగా ఉండే మనిషి. మొదట నన్ను తీసేయమన్నాడు. తీసేశారు. బిజిలీ నాలుగు రోజులు నిలబడే ఉంది. కూర్చోవడానికి చోటు దొరకనట్టు గదంతా తిరిగింది. అయిదోరోజు పోలమ్మ డాక్టరు గది ముందు నిలబడింది.

"డాక్టరు బాబూ, ఆ పీట ఎట్టీయండి. అది నేల మీద కూకోలేదు. మనం సంపేత్తన్నాం దాన్ని."

ఆ మాటకు డాక్టరు లేచి వచ్చి, గది ముందు గంటసేపు నిలబడి చూశాడు. తర్వాత అన్నాడు: "దాన్ని పీట దింపడం మన వల్ల కాదు పోలమ్మా. పీటనే కిందికి దింపుదాం."

నా జీవితంలో నాకు నచ్చిన కాలం అదొక్కటే. బిజిలీని ముందుగదిలోకి తప్పించి, రోజుకో జానెడు చొప్పున నన్ను వెనక తలుపు వైపు జరిపేవాళ్లు. ఎంత మెల్లగా అంటే, నేను జరుగుతున్నట్టు బిజిలీకి తెలియనంత. గడప దాటడానికి నెల పట్టింది. వానలకు రెండు వారాలు వెనక్కి పోయాం. చివరికి ఆవరణలో వేపచెట్టు నీడకు చేరాం. అప్పుడు పోలమ్మ గునపం పట్టింది. ప్రతి రెండు మూడు రోజులకీ నా కింద మట్టి తవ్వి, నన్ను వేలెడు లోతుకి దించేది. నా నక్షత్రాలు ఒక్కొక్కటే మట్టిలోకి పోయాయి. ఏడో నెలకి నా పైరేకు నేలకు సమమైంది. బిజిలీ ఎప్పట్లాగే నా మీద కూర్చుని ఉంది, కాని ఇప్పుడు దాని గడ్డం కిందే గడ్డి.

ఒక మధ్యాహ్నం చీమ కుట్టిందో ఏమో, ముందుకాలు చాపింది. కాలు గడ్డి మీద పడింది. ఉలిక్కిపడి చూసింది. ఏ దెబ్బా రాలేదు. రెండోకాలు చాపింది. కాసేపటికి పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లూ బారజాపి, నోరు తెరిచి నిద్రపోయింది. పన్నెండేళ్ల సింహం నేల మీద పడుకోవడం అదే మొదటిసారి.

కంచె అవతల పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరు టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నన్ను తవ్వి తీసి సామాన్ల గదిలో పడేశారు. అక్కడ నాలుగేళ్లు సుఖంగా తుప్పు పట్టాను. బిజిలీ ఆవరణలో తిరుగుతోందని, కాకుల్ని తరుముతోందని పోలమ్మ మాటల్లో వినేదాన్ని. తర్వాత దానికి నడుం పడిపోతోందని, వెనక కాళ్లు ఈడుస్తోందని కూడా విన్నాను. ఈలోగా డాక్టర్ శేషగిరికి బదిలీ అయింది. మంచి పని చేసినవాళ్లను ఒకచోట ఉంచకూడదని మనుషుల్లో ఏదో నియమం ఉన్నట్టుంది.

కొత్తగా వచ్చిన ఇన్‌చార్జి చదువుకున్నవాడు, శుభ్రమైనవాడు. జంతువులంటే ప్రేమేనని ఉపన్యాసాల్లో చెప్పేవాడు. ఒకరోజు పైనుంచి ఒక పెద్దమనిషి కుటుంబంతో వస్తున్నట్టు కబురొచ్చింది. బయటివాళ్లను లోపలికి రానివ్వకూడదన్న నియమం పెద్దవాళ్లకు ఉండదు కదా. వాళ్లు వచ్చేసరికి ఎండ మండుతోంది. సింహాలన్నీ దూరంగా చెట్ల కింద పడున్నాయి. పిల్లలకు తోకలు కూడా కనిపించలేదు. ఇన్‌చార్జి మొహం చిన్నబోయింది. పోలమ్మను పక్కకు పిలిచాడు.

"ఆ ముసలి సింహం పీట చూస్తే వచ్చి కూర్చుంటుందట కదా?"

"అది పీట ఒగ్గీసి నాలుగేళ్లయింది బాబూ. కాళ్లు కూడా సచ్చుపడిపోనాయి. ఒద్దు బాబూ."

"అయిదు నిమిషాలే. ఫొటో తీసుకుని వెళ్లిపోతారు." గొంతు తగ్గించాడు. "నీ పర్మినెంటు కాయితం నా బల్ల మీదే ఉంది. ఇవాళ వచ్చినాయన ఒక్క మాట చెబితే అయిపోతుంది. నీ ఇష్టం."

పోలమ్మ ఆ కేంద్రంలో ఏడేళ్లుగా దినకూలి. ఒంట్లో బాగోక ఒకరోజు రాకపోతే ఆరోజు ఆమె లేనట్టే లెక్క.  వెళ్లి సామాన్ల గది తలుపు తీసింది. ఇంకెవరైనా మోసుంటే బాగుండుననుకున్నాను. ఆమే మోసింది. గది మధ్యలో నన్ను పెట్టి, బయటికొచ్చి, వెనక తలుపు పైకెత్తింది. కర్ర చువ్వకు తగిలిన చప్పుడుకి బిజిలీ నా మీదకెక్కడం ఆమె మొదట్లో చూసినదే; కర్రతో చువ్వ మీద ఒక్క దెబ్బ కొట్టింది.

బిజిలీ తల ఎత్తింది. వేపచెట్టు కింది నుంచి లేచింది. వెనక కాళ్లు తడబడుతుండగా, పరుగెత్తడానికి ప్రయత్నిస్తూ వచ్చింది. మొదటిసారి ఎక్కబోయి జారింది. దవడ నా అంచుకి తగిలింది. రెండోసారి జారింది. మూడోసారి ఎక్కి, ముందుకాళ్లు రెండూ ఎత్తింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫొటోలు తీశారు. "పాపం, ఎంత బాగా గుర్తుందో!" అంది పెద్దమనిషి భార్య. అయిదు నిమిషాల్లో వెళ్లిపోయారు. ఇన్‌చార్జి మాట తప్పలేదు.

బిజిలీ దిగలేదు.

సాయంత్రమైంది. మిగతా సింహాలు తిన్నాయి. బిజిలీ నా మీద గోళ్లు దిగేసి కూర్చునే ఉంది. పోలమ్మ చువ్వలకు మొహం ఆనించి పిలిచింది.

"దిగవే తల్లీ. ఎవులూ కొట్టరే. నా మీద ఒట్టు. దిగవే."

అది పోలమ్మను చూడలేదు, ఆమె చేతిలో కర్రను చూసింది. అది గమనించి పోలమ్మ కర్రను మోకాలికేసి రెండు ముక్కలు చేసింది. ఇక కర్ర లేదు, చూడు, అని చెప్పాలని. ఫెళ్లుమన్న ఆ చప్పుడుకి బిజిలీ అదిరిపడి, ఉన్న సత్తువంతా కూడదీసుకుని మళ్లీ ముందుకాళ్లు ఎత్తింది.

పోలమ్మ రెండు ముక్కలూ చేతుల్లో పట్టుకుని అలాగే కూలబడింది.

మర్నాడు పొద్దున్న వచ్చేసరికి బిజిలీ నా పక్కన పడి ఉంది. తుంటి విరిగింది. మత్తిచ్చి కట్టు కట్టారు కాని, ఆ వయసులో ఎముక అతకదని డాక్టర్లకు తెలుసు. పంతొమ్మిది రోజులు బతికింది. కాలు చాపితే అందేంత దూరంలో వెనక తలుపు తెరిచే ఉంచారు. ఆవరణ వైపు మొహం కూడా తిప్పలేదు. రిపోర్టులో 'వయోభారం వల్ల' అని రాశారు. పోలమ్మ కాయితం పైకి వెళ్లి, మూడు నెలలకు తిరిగొచ్చింది. మూతపడబోయే కేంద్రంలో శాశ్వత ఉద్యోగాలు ఉండవని దాని మీద రాసి ఉంది.

మిగతా సింహాలు, పులులు ఒక్కొక్కటే పోయాయి. కేంద్రానికి తాళం వెయ్యలేదు. ఖాళీ గదులకు సున్నం కొట్టి, జంతుసంక్షేమ ప్రదర్శనశాల చేశారు. నాకు కొత్తగా ఎర్రరంగు, తెల్ల నక్షత్రాలు వేశారు. అద్దాల పెట్టెలో పెట్టి ముందు బోర్డు తగిలించారు: 'సర్కసు క్రూరత్వానికి సాక్ష్యం. ఈ పీటపై మూగజీవాలను హింసించి ఆడించేవారు. సంరక్షణ కేంద్రానికి చేరాక వాటికి స్వేచ్ఛ లభించింది.'

పోలమ్మ ఇప్పుడు ఇక్కడ ఊడుస్తుంది. ఇప్పటికీ దినకూలే. రోజూ నా అద్దం తుడుస్తుంది. తుడిచేటప్పుడు నావైపు చూడదు.

మొన్న ఒక స్కూలు పిల్లలు వచ్చారు. రెండు జడల అమ్మాయి ఒకతె పోలమ్మను అడిగింది: "అవ్వా, నువ్వు ఆ సింహాన్ని చూశావా?"

"సూసాను."

"దీని మీదకి కొట్టి ఎక్కించేవాళ్లా?"

"కొట్టీవోడు. ఆడే ఒప్పుకున్నాడు నాకాడ." పోలమ్మ చీపురు గోడకానించింది. "ఆకర్న ఎక్కించింది మాత్రం నానే, అమ్మా. ఈ గదిలోనే. దాని వల్లే సచ్చిపోనాది."

పిల్లలు గుడ్లప్పగించి చూశారు. ఇంతలో వాళ్ల టీచరు వచ్చి, నవ్వుతూ, "ఆమెకి చదువు రాదమ్మా, ఏదో కలిపి చెబుతోంది. అన్నీ బోర్డులోనే ఉన్నాయి, రాసుకోండి" అంది.

పిల్లలు వరసగా నిలబడి, బోర్డు మీద ఉన్నదంతా తప్పుల్లేకుండా రాసుకున్నారు.