నీలం రేకుల మరుగుదొడ్డి

న్యాగుథీ కొత్త మరుగుదొడ్డి కట్టించుకున్న వారమే మా స్నోలైన్ కెమెరా క్లబ్బు అత్యవసర సమావేశం జరిపింది. క్లబ్బు పుట్టి పదకొండేళ్ళయినా ‘అత్యవసరం’ అనే మాట అంతకుముందు ఒక్కసారే వాడాం. అదీ అధ్యక్షుడి లెన్సుకి బూజు పట్టినప్పుడు.

కెన్యాలో నన్యుకి అనే ఊళ్ళో మేం పద్నాలుగు మందిమి సభ్యులం. కార్యదర్శిని నేనే. హైస్కూల్లో భూగోళం చెబుతాను కాబట్టి ఊరందరికీ నేను మ్వాలిముని, అంటే పంతుల్ని. అధ్యక్షుడు డాక్టర్ గిచుకి, పళ్ళ వైద్యుడు. ప్రకృతి అనే మాట పలికినప్పుడల్లా ఆయన కళ్ళు మూసుకుంటాడు. పళ్ళు పీకేటప్పుడు మాత్రం తెరిచే ఉంచుతాడని ఆయన దగ్గరికి వెళ్ళినవాళ్ళు చెప్పారు.

పద్నాలుగు మందికీ కలిపి మాకున్నది ఒక్కటే ఫోటో. ఊరికి ఆరు మైళ్ళ దూరంలో న్యాగుథీ పొలం ఉంది. పొలం చివర ఒక నీటిగుంట, దాని గట్టు మీద ఒంటిగా ఒక తుమ్మచెట్టు, వెనకాల కెన్యా పర్వతం. ఉదయం ఏడు దాటితే కొండ మబ్బు కప్పుకుంటుంది. ఈలోపు మంచు శిఖరాలు గుంటలో తలకిందులుగా కనబడతాయి. ఏడు గంటలు కాకముందే అక్కడ ఉండడమే మా జీవితాశయం. కిందటేడు వార్షిక పోటీకి వచ్చిన నలభై ఒక్క ఫోటోల్లో ఇరవై తొమ్మిది ఆ చెట్టువే. మిగిలిన పన్నెండూ ఆ చెట్టు మీద వాలిన పిట్టలవి.

న్యాగుథీ అరవై ఎనిమిదేళ్ళ మనిషి. భర్త పోయి ఏడేళ్ళయింది. అందరం ఆమెను షోషో అనే పిలుస్తాం, ఇక్కడ నాయనమ్మల్ని పిలిచే పిలుపు అది. శనివారం శనివారం ఆమె బంగాళాదుంప సాళ్ళ మీదుగా, మోకాలెత్తు బూట్లతో, కెమెరా త్రిపాదులు భుజాన వేసుకుని నడిచేవాళ్ళం. ఆమె తిట్టేది, తిట్టాక పెద్ద కెటిల్‌తో టీ తెచ్చి పోసేది. టీ తాగి, ఆమె ఇల్లూ, బట్టల తాడూ, ఆవుల పాకా ఫోటోలో పడకుండా కెమెరాని కాస్త కుడికి తిప్పుకునేవాళ్ళం. ప్రకృతి విభాగంలో మనిషి చేతి జాడ ఉండకూడదు. ఉన్నదాన్ని తీసెయ్యకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు. అది నిబంధన. పోటీ పత్రం వెనకాల నా సంతకంతోనే అచ్చయి ఉంటుంది.

ఆ శనివారం వెళ్ళేసరికి చెట్టుకి పదడుగుల దూరంలో, సరిగ్గా రెండు శిఖరాల నడుమ, నిగనిగలాడే నీలం రేకుల మరుగుదొడ్డి నిలబడి ఉంది. గుంటలో అది కూడా తలకిందులుగా కనిపిస్తోంది.

డాక్టర్ గిచుకి త్రిపాది కింద పెట్టి, తడి గడ్డి మీదే కూలబడ్డాడు.

సమావేశంలో మొదటి నేరం కిశోర్ షా మీద పడింది. కిశోర్ మా సభ్యుడే, బజార్లో ఇనప సామాన్ల కొట్టు అతనిది.

“ఆ రేకులు నువ్వే అమ్మావట కదయ్యా!” అన్నాడు డాక్టరు.

“అమ్మాను. రేకులు అమ్మడమేగా నా పని.”

“ఎక్కడ నిలబెడతావు అని అడగలేదా?”

“రేకులు కొన్న ప్రతి మనిషినీ దొడ్డికెక్కడికి వెళ్తావని అడగమంటారా డాక్టరుగారూ? నా కొట్టుకి ఇంకెవడైనా వస్తాడా?”

“కనీసం ఆకుపచ్చవి అంటగట్టలేకపోయావా?”

“ఆకుపచ్చవి ఉన్నాయి. ఆవిడే నీలం కావాలంది. మెరిసే రకం.”

ఒక రాయబారం వెళ్ళాలని తీర్మానం అయింది. డాక్టరూ, నేనూ బయల్దేరాం. పాత మరుగుదొడ్డి వానలకు కూలిపోయిందనీ, పొలమంతటికీ గట్టి నేల ఆ గట్టు పక్కనే ఉందనీ షోషో మాకు వివరంగా చెప్పింది. తలుపు తీసి లోపల సిమెంటు చేసిన తీరు కూడా చూపించింది. మేం తలూపాం.

“చాలా బాగుంది షోషో,” అన్నాడు డాక్టరు. “కాకపోతే, కాస్త ఇటు ఇంటి వెనక్కి జరిపించుకుంటే...”

“జరపడమేంటి నాయనా? అది కుర్చీ అనుకున్నావా? కింద పదిహేనడుగుల గొయ్యి ఉంది. దాన్నీ జరుపుతావా?”

“అది కాదు షోషో. జూలైలో మా పోటీ ఉంది. ఏడాదికొక్కసారి.”

“నాకు రోజుకి నాలుగుసార్లు,” అంది షోషో. “షుగరు.”

డాక్టరు గొంతు తగ్గించాడు. “అంత అందమైన చోటు షోషో అది. దేవుడు తీర్చిదిద్దిన చోటు.”

“అందుకేగా తలుపు కొండ వైపు పెట్టించాను. నీకొక్కడికేనా కళ్ళున్నాయి?”

నాకు నవ్వొచ్చింది కానీ, కార్యదర్శిని కాబట్టి దగ్గాను.

తరువాతి శనివారం డాక్టరు వాన్ నిండా పచ్చటి కొమ్మలు నరికించి తెచ్చాడు. ప్రకృతిని కాపాడటానికి ఎక్కడో ప్రకృతిని నరికించాడన్నమాట. ఆరుగంటలకల్లా మరుగుదొడ్డి చుట్టూ కొమ్మలు నిలబెట్టి, నీలం కనబడకుండా కప్పేశాం. దూరంనుంచి చూస్తే పొదలాగే ఉంది. శిఖరాల మీద గులాబి వెలుగు పడింది. పద్నాలుగు మందిమీ ఊపిరి బిగబట్టాం. అప్పుడే పొదలోంచి దగ్గు వినబడింది.

“ఎవర్రా అది? తలుపుకి అడ్డం ఏం పెట్టారు?”

“షోషో!” డాక్టరు ఇవతలి గట్టు నుంచి అరిచాడు. “ఒక్క ఐదు నిమిషాలు! వెలుగు బ్రహ్మాండంగా ఉంది! కదలొద్దు!”

“నువ్వొచ్చి ఇక్కడ ఐదు నిమిషాలు కూర్చో, నీ వెలుగు నేను చూసుకుంటాను!”

లోపలినుంచి ఒక్క తన్ను తన్నింది. తలుపుతో పాటు పొద సగం కూలింది. మిగిలిన సగాన్ని ఆమె మేకలు ఏడు కాకముందే తినేశాయి.

ఆ తరువాత ఎవరూ ఎవరితోనూ ఈ సంగతి ఎత్తలేదు. జూలై పోటీకి చెట్టు ఫోటోలు ఎప్పటిలాగే వచ్చాయి, ఇరవై ఏడు. ఇరవై ఆరింటిలో మరుగుదొడ్డి లేదు. ఎవరి ఇంట్లో వాళ్ళు, ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళు కూర్చుని, దాన్ని తుడిచేశారు. నేనూ తుడిచాను. గుంటలో ప్రతిబింబం తుడవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఒక్క కిశోర్ షా ఫోటోలోనే రేకులు ధగధగ మెరుస్తున్నాయి. అతనికి తుడవడం రాదు, పైగా అది తన సరుకు. నిబంధన ప్రకారం అతని ఫోటోని ప్రకృతి విభాగం నుంచి తొలగిస్తున్నట్టు ఉత్తరం రాసింది నేనే.

బంగారు పతకం డాక్టర్ గిచుకికి వచ్చింది. ఆయన కాస్త ముందుకెళ్ళి, ఎడమ పక్క ఎప్పుడూ అడ్డొచ్చే షోషో ఇంటిని కూడా తుడిచేసి, ఆ జాగాలో గడ్డి మొలిపించాడు. ఫోటోకి ‘మనిషి అడుగు పడని చోటు’ అని పేరు పెట్టాడు. మా ప్రాంతపు వారపత్రిక దాన్ని మొదటి పేజీలో, ఫలానా న్యాగుథీ పొలం దగ్గర ఈ జనవరిలో తీసింది అని రాసి మరీ వేసింది.

మేము హోటల్ హాల్లో పెట్టిన ప్రదర్శనకి షోషో పిలవకుండానే వచ్చింది. చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకుంది, చేతిలో ఆ పత్రిక ఉంది. నైరోబీ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత ఒబూరా అప్పుడే పతకం ఫోటో ముందు నిలబడి ‘ఈ నిర్మలత్వం’ గురించి మాట్లాడుతున్నాడు. డాక్టరు పక్కనే కళ్ళు మూసుకుని వింటున్నాడు. షోషో ఆ ఇద్దరి మధ్యలోంచి దూరి, ఫోటోకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళింది.

“నా ఇల్లేది?”

డాక్టరు కళ్ళు తెరిచాడు. “షోషో! మీరా! రండి, టీ తీసుకోండి.”

“నీ టీ నాకెందుకు? నా ఇల్లేది అంటున్నాను. మరుగుదొడ్డి మీద నీకు కసి ఉంది, సరే. ఇల్లు నిన్నేం చేసింది?”

“ఇది కళ షోషో. కంటికి అడ్డొచ్చినవి కాస్త...”

“డాక్టరూ, నొప్పి పెట్టే పన్ను పట్టుకుని నీ దగ్గరికొస్తే నువ్వు పీకుతావు. నా ఇల్లు నొప్పి పెడుతోందని నీకెవరు చెప్పారు?”

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. షోషో నవ్వలేదు. పత్రిక విప్పి మా అందరి ముందూ పట్టుకుంది. ఆమె మరిది గకూరు ఆ కాగితాన్నే చీఫ్ దగ్గరికి, అంటే ఊరి తగాదాలు తీర్చే సర్కారు అధికారి దగ్గరికి, తీసుకెళ్ళాడట. ఆ పొలం తన అన్నయ్యది కాదనీ, తన తండ్రిదనీ, ఎప్పట్నుంచో ఖాళీగా పడి ఉంటే వదిన ఈ మధ్యే దొంగతనంగా గుడిసె వేసుకుందనీ ఫిర్యాదు చేశాడట. జనవరిలో తీసిన ఫోటోలో ఇల్లు లేదు. ఇప్పుడుంది. మరుగుదొడ్డి చూస్తే కొత్త రేకులు తళతళలాడుతున్నాయి. చీఫ్‌కి ఇంతకంటే ఏం కావాలి?

“నలభై ఒక్కేళ్ళు ఆ ఇంట్లో బతికాను,” అంది షోషో. “ఇరుగుపొరుగు వచ్చి చెబుతామంటే, ‘మీరంతా ఆవిడ మనుషులే, ఫోటో అబద్ధమాడదు’ అన్నాడా చీఫ్.”

ఒబూరా డాక్టర్ని అసలు ఫైలు అడిగాడు. కెమెరాలోని మెమరీ కార్డు పాడైపోయిందన్నాడు డాక్టరు. అలాగైతే రెండో బహుమతి ఫోటోది చూపించమన్నాడు ఒబూరా. దాని కార్డు కూడా పాడైపోయింది. మూడోదీ అంతే. మా ఊళ్ళో ఆ నెల కార్డులకి ఏదో జబ్బు వచ్చినట్టుంది. నాలుగో బహుమతి నాది. నేను ఒబూరా ముఖంలోకి చూడలేక, షోషో చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. పతకాలన్నీ పెట్టెలో వేసుకుని ఆయన ఆ సాయంత్రమే నైరోబీ బస్సెక్కాడు.

మర్నాడు బడి మానేసి ఇంట్లో పాత డిస్కులన్నీ బయటికి తీశాను. క్లబ్బులో మిగతావాళ్ళని అడిగితే, ఇల్లు పడిన ఫోటోలు పనికిరావని ఎప్పుడో చెరిపేశామన్నారు. నాకు మాత్రం ఏదీ పారెయ్యలేని గుణం ఉంది, నా భార్యకి అదే పెద్ద తలనొప్పి. వెలుగు చూసుకోవడానికి ముందుగా ఒకటి వెడల్పుగా తీసి పక్కన పడేస్తుంటాను. అలాంటివి పదకొండేళ్ళవి, తేదీలతో సహా దొరికాయి. ప్రతి దాంట్లోనూ ఎడమ పక్క షోషో ఇల్లు ఉంది. తొమ్మిదేళ్ళ కిందటి మంచి ఫోటో ఒకటి పెద్దది చేయించి, దాన్ని తీసుకుని షోషోతో కలిసి చీఫ్ ఆఫీసుకి వెళ్ళాను.

గకూరు అక్కడే కూర్చుని ఉన్నాడు. చీఫ్ ఫోటోని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది నువ్వు ఇల్లు అతికించింది కాదని ఏంటి నమ్మకం మ్వాలిమూ?”

“అతికించడం నాకు రాదు సార్. తుడవడమే వచ్చు,” అన్నాను. నా పోటీ ఫోటోనీ, దాని అసలునీ పక్కపక్కన పెట్టి, ఏం తుడిచానో వేలితో చూపించాను. పదోతరగతి పిల్లలకి పర్వతాల గురించి చెప్పే గొంతుతోనే చెప్పాను కానీ, చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

చీఫ్ పాత ఫోటోని షోషో ముందుకి జరిపాడు. ఆపైన గకూరు వైపు తిరిగి, “మరి తొమ్మిదేళ్ళ కింద ఈ ఇంట్లో ఉన్నది దెయ్యాలా?” అన్నాడు. గకూరు టోపీ తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. అంతటితో ఆ ఫిర్యాదు చచ్చింది.

షోషో మాత్రం ఇవేవీ వినడం లేదు. ఫోటోని ఒళ్ళో పెట్టుకుని, ఆవుల పాక దగ్గర వేలు ఆనించి కూర్చుంది. అక్కడ ఒక మనిషి బకెట్టుతో వంగి ఉన్నాడు. బియ్యపు గింజంత మనిషి. నేను అంతవరకు చూడనే లేదు.

“ఈయన,” అంది షోషో. “ఆ గళ్ళ స్వెట్టరు నేనే అల్లాను. మోచేతి దగ్గర చిల్లు పడితే విప్పమన్నా విప్పేవాడు కాదు.”

“ఇది వెడల్పుగా తీసింది షోషో, అందుకని...” అన్నాను.

“పోటీకి పంపిన దాంట్లో?”

“అందులో కోసేశాను.”

“ఆయన్ని కూడానా?”

ఫోటో ఆఫీసు ఫైల్లో ఉండాలని చీఫ్ చెయ్యి చాపాడు. షోషో ఇవ్వలేదు. దాన్ని శాలువాలో చుట్టి చంకలో పెట్టుకుని, “ఇంకొకటి తీయించుకో, వీళ్ళ దగ్గర బోలెడుంటాయి,” అని గుమ్మం దాటింది.

ఆ నెలాఖర్న మా క్లబ్బు ఎన్నికలు జరిగాయి. జరిగినదానికి విచారం తెలుపుతూ డాక్టర్ గిచుకి అరగంట మాట్లాడాడు. అందులో న్యాగుథీ పేరు ఎక్కడా రాలేదు, ‘సాంకేతిక లోపం’ అనే మాట ఐదుసార్లు వచ్చింది. పోటీ ఎవరూ చెయ్యలేదు. ఆయన్నే మళ్ళీ అధ్యక్షుణ్ణి చేద్దామా అని అడిగితే చేతులు లేచాయి. డాక్టరు కాక మిగిలినవాళ్ళలో కిశోర్ షా ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

లేచిన చేతులు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం కార్యదర్శి పని. పన్నెండని రాశాను. అందులో నాది ఒకటి.