ఒక్క నిమిషం

ఉప్పల్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కౌశల్‌కు తెలియని విషయం లేదు. అందుకే అతను ఏదీ తెరిచి చూడడు. పేషెంటు వివరాలు టైపు చేస్తుంటే మధ్యలోనే లాగౌట్ అయిపోతోందని నాచారంలోని ల్యాబ్ వాళ్లు మొత్తుకుంటే, "వాళ్లకు టైపింగ్ రాదు. వెళ్లి నేర్పించు," అని తన కింద పనిచేసే శిరీషను పంపాడు. ఎంతసేపటికి లాగౌట్ కావాలో చెప్పే టైమౌట్ పెట్టింది తనే కాబట్టి అందులో తప్పుండే ప్రసక్తే లేదట.

ల్యాబ్ కౌంటర్లో భూపాల్ వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తడం చూసి శిరీషకు ఒళ్లు మండింది. ఇతనికా తను టైపింగ్ నేర్పేది?

"అవ్వా, ఫోన్ నంబర్ జెప్పు," అన్నాడు భూపాల్. రక్తపరీక్షకొచ్చిన లింగమ్మ కొంగుముడి విప్పి నంబరు చీటీ తీసేలోపు పేజీ ఎగిరిపోయింది.

"సూసిన్రా మేడం? మళ్ల మొదటికెళ్లి," అన్నాడతను.

శిరీష సెట్టింగు తెరిచింది. టైమౌట్ గడిలో ఒకటి అని ఉంది. కౌశల్ మహానుభావుడు గంట అనుకున్నాడు. పక్కనే 'నిమిషాల్లో' అని రాసుంది. అన్నీ తెలిసినవాడికి చదివే అవసరమేముంది?

ఫోన్ చేసింది. "ఒక్క నిమిషం," అని కౌశల్ ఫోన్ పక్కన పెట్టేశాడు. అటునుంచి నవ్వులు, టీ కప్పుల చప్పుడు. ఇటు లింగమ్మ వయసు గుర్తుచేసుకుంటూనే ఉంది, భూపాల్ మళ్లీ మళ్లీ లాగిన్ అవుతూనే ఉన్నాడు.

చాలాసేపటికి కౌశల్ గొంతు వినిపించింది. "ఆఁ, చెప్పు. నేర్చుకున్నారా?"

"మీరు ఒక్క నిమిషమని పోయొచ్చేలోపల ఇక్కడ మూడుసార్లు లాగౌట్ అయింది సార్. మీరు పెట్టిన టైమౌట్ గూడ ఒక్క నిమిషమే. పాపం, సర్వర్‌కు నిమిషమంటే నిమిషమే."