చీటీ మీది ఎండీ

మోత్కూర్‌ల మీసేవ నడిపే శ్రీవాణికి తోడికోడలు మనీష పేరెత్తితేనే కడుపుల మంట. మనీష కట్టిన చీర, వండిన కూర, ఆఖరికి ఆమె బిడ్డను చూసే డాక్టరు కూడా అత్త సైదమ్మ నోట్ల నానుతనే ఉండేది.

"చిన్నామె పిల్లను నార్కట్‌పల్లి పెద్ద డాక్టరు దగ్గరికి తోల్కపోతది. నువ్వేమో కొడుకును ఈడనే చూపిస్తవ్" అనేది.

ఒక సోమవారం ఆ డాక్టరు మందుల చీటీ శ్రీవాణి కంటబడింది. పేరు పక్కన ఎండీ, పిల్లల వైద్య నిపుణులు, కింద రిజిస్ట్రేషన్ నంబరు. పొద్దంతా జనాల సర్టిఫికెట్లు చూసే మనిషి, ఊరుకోబుద్ధి కాలేదు. మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌ల నంబరు కొట్టింది. ఎంబీబీఎస్ ఒక్కటే ఉంది. చీటీ మీదున్న కాలేజీకి ఫోన్ చేసి అడిగితే, ఆ పేరు గలాయన తమ దగ్గర ఎండీ చదవనేలేదన్నరు.

ఆ రోజు శ్రీవాణి కడుపునిండ తిన్నది. ఆదివారం మనీష బిడ్డ మల్లిక పుట్టినరోజు. చుట్టాలందరి ముందట చెప్పాలె, మనీష మొహం మాడిపోవాలె అనుకున్నది.

శుక్రవారం పొద్దుగాల మనీష ఏడ్చుకుంట ఫోన్ చేసింది.

"అక్కా, పిల్లకు నాలుగు దినాల సంది జరం. గాయన సూదులు మారుస్తనే ఉన్నడు. ఇయ్యాల కండ్లు తెరుస్తలేదు."

శ్రీవాణి దాచిన మాట బయటపెట్టింది. "గాయన పిల్లల డాక్టరు కాదు మనీషా! జల్ది నల్లగొండ దవాఖానకు నడువు."

"గిప్పుడు గూడ నా మీద కుళ్లేనా అక్కా?"

శ్రీవాణి వాదులాడలేదు. సోమవారం తీసిపెట్టుకున్న కౌన్సిల్ పేజీ ఫొటో పంపింది. గంటల మల్లికను నల్లగొండకు తీసుకపోయిన్రు. డెంగీ అని, ఇంకో పూట ఆగితే కష్టమయ్యేదని అక్కడి పిల్లల డాక్టరమ్మ చెప్పింది. వార్డుల సైదమ్మ మనీష తల నిమురుకుంట కూసున్నది. అంత భయంల కూడా శ్రీవాణికి లోపల సుర్రుమన్నది. తన మీద తనకే రోత పుట్టింది.

ఐదోనాడు మల్లిక అరటిపండు అడిగింది. అప్పుడు మనీష ఫోన్‌ల ఆ ఫొటో మళ్లీ తెరిచింది. దాని మీద తేదీ ఉంది.

"సోమవారమే చూసినవా అక్కా?"

"చూసిన."

"మరి చెప్పలేదేంది?"

"పుట్టినరోజు నాడు అందరి ముందట నిన్ను చిన్నబుచ్చాలనుకున్న."

మనీష పండు వొలిచి బిడ్డ నోట్ల పెట్టింది.

తర్వాత ఆ డాక్టరు మీద శ్రీవాణే ఫిర్యాదు రాసింది. మనీష వచ్చి సంతకం పెట్టింది, శ్రీవాణి మొహం చూడకుంట వెళ్లిపోయింది.