ఆది చొక్కా

మా ఇంట్లోంచి బయటికి పోవాలంటే ఒక్కటే దారి, అది మా వదిన కుట్టు దుకాణంలోంచి. ముందు దుకాణం, మధ్యలో కర్టెన్, వెనక మా రెండు గదులు. వెనక కిటికీ ఉంది కానీ మూరెడు దూరంలో పక్కింటి గోడ. పదహారేళ్ళుగా ఆ కర్టెన్ వెనక కూర్చుని కాజాలు తీస్తున్నాను, గుండీలు కుడుతున్నాను. కత్తెర మాత్రం ముట్టుకోకూడదు. "కటింగ్ నాది, చేతిపని నీది" అని నేను కాపురానికి వచ్చిన మూడో రోజే వదిన తేల్చేసింది. మా ఆయనను పెంచింది ఈ అక్కగారే. అందుకే ఆయన మా ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్క. ఎప్పుడు మాటామాటా పెరిగినా ఇస్త్రీ బల్ల మీదకు వంగి నీళ్ళు చిలకరిస్తూ ఉంటాడు. ఆరిన బట్టను మళ్ళీ తడిపిన రోజులున్నాయి.

నాకు కుట్టు రాక కాదు. పెళ్ళికి ముందు మా పిన్ని దగ్గర మూడేళ్ళు నేర్చుకున్నాను, నా బట్టలు నేనే కుట్టుకునేదాన్ని. ఇక్కడికొచ్చాక నాకూ వదినే కుట్టేది, ఏడాదికొక చొక్కా, దుకాణంలో మిగిలిన గుడ్డతో. "ఆది ఇలా తే" అనేది. ఆది అంటే కొలతకోసం ఇచ్చే పాత బట్ట. కిందటేడు తను కుట్టిన చొక్కానే కొత్త గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి కోసేసేది. ఏటికేడు చొక్కా బిగుసుకుంటూ వచ్చింది. "గుమ్మడికాయలా ఊరుతున్నావే!" అని నవ్వేది. నవ్వులాట కాస్తా పేరై కూర్చుంది. నన్నందరూ బొద్దు అనే పిలుస్తారు, ఉత్తరాలు తెచ్చే ఆయనతో సహా.

నేను రాత్రి అన్నం మానేశాను. అయినా చొక్కా వదలలేదు. గాలి పైపైన పీల్చుకోవడం అలవాటైంది. చేతులు భుజం దాటి ఎత్తితే చంకలో పుటుక్కుమంటుందని, పై అరలో డబ్బా కావాలన్నా స్టూలు వేసుకునేదాన్ని. అదంతా నా ఒంటి తప్పే అనుకుని కుక్కిన పేనులా పడి ఉన్నాను.

పోయిన నెలలో ఒకావిడ కోటు బాగుచేయించుకోవడానికి వచ్చింది. యూనిఫారాలు కుట్టే కంపెనీలో కటింగ్ మేడమ్. నా కాజాల మీద వేలితో రాసి చూసి, వదిన లోపలికెళ్ళిన సందు చూసుకుని కర్టెన్ పక్కకు జరిపింది.

"ఇవి నువ్వేనా తీసింది? కటింగ్ వచ్చా?"

"వచ్చేదండీ."

"మా దగ్గర ఒక మనిషి కావాలి. వచ్చే సోమవారం తొమ్మిదింటికి రా. నీకు నువ్వు కోసి కుట్టుకున్న బట్ట వేసుకుని రా. తనకి తాను సరిగ్గా కుట్టుకోలేనిది ఊరికేం కుడుతుంది?"

ఇది పోతే నాకింక ఆ కర్టెనే గతి. నాకు నలభై రెండేళ్ళు. ఇంకోసారి ఎవరూ ఆ కర్టెన్ జరిపి అడగరు.

వదిన మధ్యాహ్నం బట్టల మార్కెట్టుకు వెళ్ళే రెండు గంటలే నావి. వాడని దుప్పటి ఒకటి తీశాను. దొంగతనం చేస్తున్నట్టు వదిన కత్తెర తీసుకున్నాను. మరి నేనేం చేశాను? బుద్ధిగా పోయి నా ఆది చొక్కా తెచ్చి పరిచాను! లావయ్యానుగా అని రెండు పక్కలా రెండేసి వేళ్ళు వదిలి కోశాను. కుట్టి తొడుక్కుంటే నడుము దగ్గర సంచిలా వేలాడింది, చంక దగ్గర మాత్రం పాత ఉరే. విప్పి మళ్ళీ కుట్టాను. ఈసారి భుజం జారింది. గుడ్డ సగం పాడైంది. శుక్రవారం వచ్చేసింది.

మా ఆయన చూశాడు. ఆ పాడైన ముక్కలన్నీ మడతల్లేకుండా ఇస్త్రీ చేసి పెట్టాడు. ఆయన చేతనైంది అదే.

అప్పుడు గుర్తొచ్చింది మా పిన్ని నోట్‌బుక్. ట్రంకు పెట్టె అడుగున ఉంది. మొదటి పేజీలోనే నా ఇరవై ఆరో ఏట నేను రాసుకున్నవి: ఛాతీ ముప్పై నాలుగు, భుజం పద్నాలుగు, నడుము ముప్పై. ఎంత పెరిగానో చూద్దామని టేపు తీసుకుని కొలుచుకున్నాను. ఛాతీ ముప్పై నాలుగు. టేపు పాడైందేమో అని స్కేలుతో సరిచూశాను. భుజం పద్నాలుగు. నడుము ముప్పై, ఆ మీద ఒక అర అంగుళం.

పెట్టెలో పాత చొక్కాలన్నీ తీసి ఒకదానిమీద ఒకటి పరిచాను. ఒక్కో ఏడు గోరంత తగ్గింది, అంతే. కుట్టుకు వదలాల్సింది మర్చిపోయి కొంత, గుడ్డ చాలక కొంత. పదహారు గోళ్ళు కలిస్తే నాలుగు వేళ్ళు. అన్నం మానేసిన రాత్రులన్నీ కళ్ళముందు తిరిగాయి. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

మిగిలిన గుడ్డను టేపుతో కొలిచి కోశాను.

సోమవారం ఎనిమిదింటికి కొత్త చొక్కా వేసుకుని కర్టెన్ తీశాను. వదిన మెషిన్ దగ్గరుంది. నన్ను కిందినుంచి పైకి చూసింది.

"ఎక్కడికే బొద్దూ?"

చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లేచి వచ్చి, దారికడ్డంగా నిలబడి, నా చొక్కా పక్కకుట్లు రెండు వేళ్ళతో పట్టుకుంది.

"ఇదేం లూజు! ఇలా పోతే నవ్వుతారు. నా పరువు కూడా పోతుంది. ఉండు." నోట్లో గుండుసూదులు పెట్టుకుని రెండు పక్కలా బట్ట నొక్కి గుచ్చేయడం మొదలుపెట్టింది. "విప్పి ఇటియ్యి, అరగంటలో సరిచేస్తా."

ఎనిమిదింపావు బస్సు. నా చెయ్యి దానంతట అదే పైగుండీ దగ్గరకు పోయింది. ఆవిడ మాటకు లొంగి ఒక గుండీ ఊడదీశాను కూడా. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా జీవితంలో చేయలేదు.

"వదినా, టేపు పెట్టి చూడండి."

"నీకెందుకే టేపు? పదహారేళ్ళనించి కుడుతున్నా, నీ ఒళ్ళు నాకు తెలీదా?"

"ఎప్పుడైనా కొలిచారా?"

"కొలతలు బయటివాళ్ళకి. ఇంట్లో మనిషికి ఎవరైనా కొలతలు తీస్తారా?"

ఆ మాట ఆవిడ ప్రేమగానే అంది. అదే నాకు భరించరానిదైంది. ఆవిడ మెడలో వేలాడే టేపు నేనే లాగి, నా ఛాతీ చుట్టూ తిప్పి, చివర ఆవిడ చేతికిచ్చాను. వంగి చూసింది. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ముప్పై నాలుగా?"

ఇస్త్రీ బల్ల దగ్గర నీళ్ళు చిలకరించే చప్పుడు ఆగింది. "అక్కా, బస్సు టైమైంది, తనని పోనియ్యి" అన్నాడు మా ఆయన. ఆయన నోటినుంచి అలాంటి మాట నేను వినడం అదే మొదలు. నేను గుండుసూదులు గబగబా పీకి బల్లమీద పెట్టి, ఊడదీసిన గుండీ పెట్టుకుని వీధిలోకి వచ్చాను.

తొమ్మిదింటికి కటింగ్ మేడమ్ నన్ను వెలుతురులో నిలబెట్టింది. కాలర్ చూసింది, భుజం చూసింది.

"చేతులెత్తు."

భుజాల దాకా ఎత్తి ఆగాను.

"ఇంకా ఎత్తు. గుడ్డ ఉంది కదా!"

ఎత్తాను. ఏదీ పుటుక్కుమనలేదు. ఆవిడ నా ఎడమ పక్కకుట్టు తడిమి, ఏదో బయటికి లాగింది. గుండుసూది. తల మీద ఎర్రపూస.

"ఇదేంటి, లోపలికి దిగి ఉంది? బస్సులో అంతసేపూ గుచ్చుకోలేదూ?"

"గుచ్చుకుందండీ."

"మరి తియ్యలేదేం?"

బట్ట అన్నాక గుచ్చుకుంటుందిలే అనుకున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.